మీ కుక్కకి నిజంగా స్వెటర్ కావాలా?

నవంబరు సగానికి వచ్చిందంటే చాలు, పెట్ షాపుల్లో కుక్కల స్వెటర్లు వేలాడతాయి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "మా బ్రూనో వణుకుతున్నాడండీ, ఏం చేయాలి" అని అడుగుతారు. అడగడమే ఆలస్యం, ఒకరు చెంచాడు బ్రాందీ పట్టమంటారు, ఒకరు ఛాతీకి విక్స్ రాయమంటారు, ఇంకొకరు ముందు పెరుగన్నం మానిపించండి అంటారు. నన్నడిగితే మన ఊళ్ళలో చలి వల్ల కుక్కలకి జరిగే హాని కంటే చలి పేరు చెప్పి మనం చేసే వైద్యం వల్ల జరిగే హానే ఎక్కువ. అలాగని చలి వాటినేమీ చేయదని కాదు. చేస్తుంది, కాకపోతే అన్నిటినీ ఒకేలా కాదు, రోజంతా కూడా కాదు. ఏ రకం కుక్క, వయసెంత, పడుకునేది దేని మీద, ఒళ్ళు తడిగా ఉందా పొడిగా ఉందా, ఇవేవీ చూడకుండా ఫోన్‌లో 13 డిగ్రీలు అని కనబడగానే టెన్షన్ పడిపోతే లాభం లేదు.

ముందు ఒంటి వేడి సంగతి. మనకి 98.6 ఫారన్‌హీట్ మామూలైతే కుక్కకి 101 నుంచి 102.5 దాకా మామూలే, అంటే మనల్ని మంచం ఎక్కించే జ్వరం దానికి ఆరోగ్యం. అందుకే చెవి ముట్టుకుని "ఒళ్ళు కాలిపోతోంది" అనుకోవడం, ముక్కు పొడిగా ఉంది కాబట్టి జ్వరమే అని తేల్చేయడం, రెండూ నమ్మదగ్గవి కావు. నిద్ర లేచిన కుక్క ముక్కు చాలాసార్లు పొడిగానే ఉంటుంది. ఈ వేడిని కాపాడేది బొచ్చు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే బొచ్చులో ఇరుక్కున్న గాలి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, పొమేరియన్, హస్కీలకి రెండు పొరలుంటాయి, పైన గరుకు వెంట్రుకలు, అడుగున ఒత్తుగా మెత్తటి నూగు. ఆ నూగు పొడిగా ఉన్నంతసేపు చలి లోపలికి దిగదు, తడిసిందా, ఇక తడి బొంత కప్పుకున్నట్టే. అందుకే 12 డిగ్రీల్లో హాయిగా పడుకునే ల్యాబ్‌కి సాయంత్రం తలస్నానం చేయించి సగం ఆరకుండా బాల్కనీలో వదిలితే 20 డిగ్రీల్లోనే వణుకు పుడుతుంది. దువ్వకుండా వదిలేసి అట్టలు కట్టిన బొచ్చుదీ అదే పరిస్థితి, అందులో గాలి నిలవదు. వేసవిలో గుండు కొట్టించిన కుక్కలకైతే ఆ బొచ్చు సరిగ్గా తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొన్నిటికి మునుపటిలా అసలు రాదు.

డాబర్‌మన్, బాక్సర్, గ్రేట్ డేన్‌లకి ఒక్క పొరే, అదీ పొట్టిగా, పొట్ట కింద చూస్తే దాదాపు చర్మమే. చివావా లాంటి పిడికెడు కుక్కలకి ఇంకో ఇబ్బంది ఉంది. ఒళ్ళు ఎంత చిన్నదైతే బరువుతో పోల్చినప్పుడు చర్మం అంత ఎక్కువ, వేడి అంత తొందరగా బయటికి పోతుంది. హస్కీ సంగతి వేరే చెప్పాలా! మన దగ్గర ఏడాది మొత్తంలో దాని ప్రాణానికి కాస్త సుఖంగా ఉండేది ఈ రెండు నెలలే, దానికి కూడా ఉన్ని టోపీ పెట్టి ఫోటోలు తీసేవాళ్ళని చూస్తే ఏమనాలో తెలీదు. ఇక మన ఇండీలకి, అంటే మన దేశవాళీ ఊరకుక్కలకి, బొచ్చు పొట్టి, ఒంట్లో కొవ్వు తక్కువ, కానీ బయట పెరిగిన కుక్క చలికి నెమ్మదిగా అలవాటు పడుతుంది, పొద్దున ఎండ ముందుగా ఏ గోడ మీద పడుతుందో దానికి తెలుసు. పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి గదిలో పెంచిన ఇండీకి ఆ అలవాటు ఉండదు, దాన్ని వీధిలో దాని అన్నదమ్ములతో పోల్చి "ఇది ఊరకుక్కేగా, తట్టుకుంటుందిలే" అనడం న్యాయం కాదు.

ఊరిని బట్టి కూడా లెక్క మారుతుంది. హైదరాబాద్‌లో డిసెంబరు మధ్యాహ్నం 28 దాకా ఉండి తెల్లవారుజామున 13, 14కి దిగుతుంది, శేరిలింగంపల్లి లాంటి శివార్లలో ఇంకా తగ్గుతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ జిల్లాల్లో, సిర్పూర్ (యు), గిన్నెధరి వైపు, అటు మన్యంలో లంబసింగి, పాడేరు, అరకుల్లో సింగిల్ డిజిట్‌కి పడిపోయే రోజులుంటాయి. అక్కడ ఆరుబయట గొలుసుతో కట్టేసిన కుక్కకి అది నిజమైన చలే, లేచి వేరే చోటికి పోయే వీలు కూడా దానికి లేదు. నెల్లూరు, తిరుపతి వైపు డిసెంబరు మొదట్లో చలి కంటే ఈశాన్య రుతుపవనాల వానే పెద్ద సమస్య. విశాఖలో, విజయవాడలో ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకి పొడిగా పడుకునే చోటు ఉంటే చాలు, వేరే హంగామా అక్కర్లేదు.

అన్ని చోట్లా అందరూ వదిలేసేది మాత్రం నేల. మన ఇళ్ళలో గ్రానైటో, మార్బులో, టైల్సో ఉంటాయి, వేసవిలో కుక్కకి అవే స్వర్గం. మా ఇంట్లో ఉన్నది ఇండీ, రాత్రి పడుకునేటప్పుడు మెయిన్ డోర్ పక్కన వట్టి టైల్స్ మీద నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుంటాడు. నాలుగింటికి నీళ్ళ కోసం లేచి చూస్తే అదే చోట గుండ్రంగా ముడుచుకుని, ముక్కు తోక కింద దోపుకుని ఉంటాడు. ఇంకాసేపటికి లేచి సోఫా ముందున్న డోర్‌మ్యాట్ మీదకి చేరతాడు. నేను థర్మామీటర్ కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను. చాపుకుని పడుకుంటే సరిపోయినట్టు, ముడుచుకుంటే కింద ఏదో ఒకటి పరవాలి, ముడుచుకున్నా వణుకుతుంటే పైన కూడా కప్పాలి. పాత చీరల బొంత నాలుగు మడతలు వేస్తే చాలు, బ్రాండెడ్ పరుపు ఏమీ అక్కర్లేదు. ఇనుప ఫ్రేముకి క్యాన్వాస్ బిగించిన కుక్కల మంచాలు ఉన్నవాళ్ళు మాత్రం ఒకటి గమనించాలి, అవి కింద నుంచి గాలి ఆడి చల్లగా ఉండడానికి చేసినవి, ఈ రెండు నెలలూ వాటి మీద బొంత తప్పనిసరి.

స్వెటర్ వద్దని నేననను. పొట్టి బొచ్చు కుక్క, ముసలి కుక్క, బక్కచిక్కిన కుక్క, ఇవి పొద్దున్నే ఆరింటికి వాకింగ్‌కి వెళ్ళాలంటే వేయండి. అసలు వాకింగే ఎండ ఎక్కాక ఏడున్నరకి మారిస్తే ఇంకా మంచిది. పదింటికల్లా విప్పేయండి, 28 డిగ్రీల్లో ఉన్ని తొడుక్కుని కూర్చున్న కుక్కకి చెమట పట్టి చల్లబడే సౌకర్యం లేదు, రొప్పడమే దిక్కు. ముందు కాళ్ళ చంకల్లో ఒరుసుకుపోయిందేమో రోజూ వేలు పెట్టి చూడాలి. దారాలు పీకి మింగే అలవాటున్న కుక్కకి ఎవరూ లేనప్పుడు వేసి ఉంచకూడదు, ఆ దారం పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషనే.

ఇప్పుడు వణుకు. వణుకంటే చలి ఒక్కటే కాదు. నొప్పికీ వణుకుతాయి, టపాసుల భయానికీ వణుకుతాయి, వాంతి వచ్చే ముందు, విషం లాంటిదేదైనా తిన్నప్పుడు, కుక్కపిల్లలకి రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు కూడా. వెచ్చగా కప్పిన పావుగంట, ఇరవై నిమిషాల్లో తగ్గకపోతే అది చలి కాదేమో అని అనుమానించాలి. మనవాళ్ళు ఇక్కడే ఇంటి వైద్యానికి దిగుతారు. బ్రాందీ పడితే ఒళ్ళు వెచ్చబడుతుందని గట్టి నమ్మకం, జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం. మద్యం చర్మంలో రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, లోపలి వేడి చర్మానికి వచ్చి గాలిలో కలిసిపోతుంది, పైగా కుక్కపిల్లలకి రక్తంలో చక్కెర పడిపోతుంది. ఘాటు బామ్‌లలో కర్పూరం, నీలగిరి తైలం ఉంటాయి. కుక్క ఒంటికి ఏది రాసినా అది కాసేపటికి నాలుకతో కడుపులోకే పోతుంది, కర్పూరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. జ్వరం అనుకుని సగం డోలో విరిచి పెరుగన్నంలో కలిపి పెట్టేవాళ్ళున్నారు, పారాసిటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీస్తుంది, డాక్టర్ బరువు చూసి లెక్కగట్టి ఇస్తే వేరే మాట. కాంబిఫ్లామ్, బ్రూఫెన్‌లలో ఉండే ఐబుప్రొఫెన్ ఇంకా ప్రమాదం, కడుపులో పుండ్లు పడి కిడ్నీల దాకా వెళ్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే పారాసిటమాల్ దాని దరిదాపుల్లోకి కూడా రాకూడదు, కొద్దిపాటి మోతాదుకే చచ్చిపోతుంది.

అటక మీద పెట్టెలోంచి రగ్గులు దించుతాం చూడండి, వాటి మడతల్లోంచి కలరా ఉండలు దొర్లి మంచం కిందకి పోతాయి. ఆడుకోవడానికి బాగున్నాయని కుక్కపిల్ల నోట్లో వేసుకుంటుంది. నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది, చిన్న కుక్కకి ఒక్క ఉండ కూడా ప్రమాదమే, పైగా లక్షణాలు బయటపడేసరికి ఒకటి రెండు రోజులు గడిచిపోవచ్చు. ఆ రగ్గుల్ని ఒక రోజంతా ఎండేసి, బాగా విదిలించి, అప్పుడు కుక్క కింద పరవండి. తలుపులన్నీ మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టడం గురించి కుక్క కోసం ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఆ కార్బన్ మోనాక్సైడ్ మనుషుల్నీ వదలదు. రూమ్ హీటర్ ఫరవాలేదు కానీ ముసలి కుక్క దానికి ఆనుకుని పడుకుంటే కాలుతున్నా తొందరగా లేవలేదు. పెరుగన్నం మాత్రం పాపం నిర్దోషి. కుక్కకి జలుబు చేసేది వైరస్‌ల వల్లా బాక్టీరియా వల్లా, చల్లటి పెరుగు వల్ల కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కాకుండా కాసేపు బయట ఉంచి పెట్టండి, అంతే.

ముసలి కుక్కల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చలి నిజంగా బాధపెట్టేది వాటినే. ఎనిమిదేళ్ళు దాటిన ల్యాబ్, జర్మన్ షెపర్డ్ చాలావాటికి తుంటి కీళ్ళు అరిగి ఉంటాయి, వేసవిలో కప్పిపుచ్చుకున్న నొప్పి చలికి బయటపడుతుంది. పొద్దున లేవడానికి ముందుకాళ్ళతో పైకి లేచి వెనక భాగాన్ని ఈడ్చుకోవడం, మెట్ల దగ్గర ఆగి మన మొహం చూడడం, సోఫా ఎక్కడం మానేయడం. వీటిని "వయసైపోయింది, బద్ధకం" అని కొట్టిపారేస్తాం, నిజానికి అది నొప్పి. దానికి కుక్కల కోసం చేసిన మందులున్నాయి, డాక్టర్ రాస్తారు. ఇంట్లో చేయగలిగింది, అది నడిచే దారిలో టైల్స్ మీద పాత యోగా మ్యాట్లు ముక్కలు చేసి పరచడం, గోళ్ళు పెరగనివ్వకపోవడం, బరువు తగ్గించడం. కాళ్ళు జారే నేల మీద ప్రతి అడుగూ బిగబట్టుకుని వేయడంతోనే వాటికి సగం నీరసం వస్తుంది. ఇంకో మాట, తిండి పెరగకుండానే లావెక్కుతూ, ఎప్పుడూ వెచ్చటి చోటే వెతుక్కుంటూ, బొచ్చు పలచబడుతున్న కుక్కకి థైరాయిడ్ పరీక్ష చేయించండి. డాబర్‌మన్, గోల్డెన్, ల్యాబ్‌లలో ఇది మామూలే, దీన్ని చలికాలపు బద్ధకం అనుకుని ఏళ్ళు గడిపేస్తారు.

చలి నిజంగా చంపేది కుక్కపిల్లల్ని. చిత్త కార్తె కుక్కలని మనవాళ్ళు తిట్టడానికి వాడతారు కానీ అందులో క్యాలెండర్ ఉంది. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది, కుక్క చూలు సుమారు 63 రోజులు, అంటే ఆ కార్తెలో జతకట్టినవి ఈనేది డిసెంబరు రెండో సగంలో, సరిగ్గా చలి ముదిరినప్పుడు. అప్పుడే పుట్టిన పిల్లకి మొదటి వారంలో వణకడం కూడా చేతకాదు, ఒంటి వేడి తనంతట తాను నిలబెట్టుకోవడానికి నాలుగు వారాలు పడుతుంది. అందుకే ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా పడుకుంటాయి. కుప్పలోంచి ఒకటి దూరంగా పడిపోయి, ముట్టుకుంటే చల్లగా, అరవకుండా ఉందంటే ప్రమాదం.

ఇలాంటి పిల్ల దొరికితే జాలిపడి వెంటనే పాలు పట్టకూడదు. ఒళ్ళు చల్లబడిన పిల్లకి పేగులు కదలవు, పాలు కడుపులోనే నిలిచిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. ముందు పొడి గుడ్డతో తుడవండి. వేడినీళ్ళు నింపిన సీసాకి తువ్వాలు చుట్టి, అట్టపెట్టెలో ఒక పక్కకే పెట్టండి, వేడి ఎక్కువైతే పిల్ల రెండో పక్కకి జరగాలి కదా. నెమ్మదిగా, గంటో రెండు గంటలో పట్టినా సరే. వేలు నోట్లో పెడితే లోపల వెచ్చగా తగిలి, అది వేలు చప్పరించడం మొదలుపెట్టాక అప్పుడు పాలు. ఆవుపాలు, గేదెపాలు కాదు, వాటికి విరేచనాలు పట్టుకుంటాయి, కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి పెట్ షాపుల్లో దొరుకుతుంది. బోర్లా ఉంచి పట్టాలి, మన పసిపాపలా వెల్లకిలా కాదు. వీటన్నిటికీ ముందు ఒకసారి చుట్టుపక్కల చూడండి, తల్లి తిండి కోసం వెళ్ళి ఉండొచ్చు. తల్లి ఉన్న పిల్లల్ని ఎత్తుకొచ్చేయడం సాయం కాదు, అవి ఉన్న చోటే గాలి కొట్టకుండా ఏదైనా అడ్డం పెట్టి, కింద వరిగడ్డి పోస్తే చాలు. వరిగడ్డి ఎందుకంటే బయట పరిచిన పాత దుప్పటి మంచుకి తడిసి మర్నాడు దాకా ఆరదు, గడ్డి అంతగా తడి పీల్చదు, కుక్క అందులో దూరి పడుకుంటుంది కూడా. పొద్దున కారు తీసేముందు బానెట్ మీద ఒకటి రెండు సార్లు కొట్టి, కింద వంగి చూడండి, రాత్రి ఇంజిన్ వెచ్చదనానికి చేరినవి అక్కడే నిద్రపోతుంటాయి.

పిల్లలంటే గుర్తొచ్చింది, డిస్టెంపర్. ఈ వైరస్ ఎండకీ వేడికీ తొందరగా చస్తుంది, చల్లటి వాతావరణంలో ఎక్కువసేపు బతుకుతుంది, తుమ్ములూ దగ్గులతో పాకుతుంది. చలికాలంలో వీధిలో కొత్తగా పుట్టిన, టీకాల్లేని పిల్లలు బోలెడుంటాయి, ఇక దానికి అడ్డేముంది. కళ్ళలో పుసి, ముక్కు కారడం, దగ్గు, విరేచనాలతో మొదలై కొన్నిటిలో దవడ టకటకా ఆడించే ఫిట్స్ దాకా పోతుంది. వచ్చాక ఆ వైరస్‌ని చంపే మందు లేదు, ఉన్నది టీకా మాత్రమే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా. రేబిస్ టీకా మూడు నెలలకి. ఈ వరస పూర్తి కాని పిల్లని ఎండ కోసమని పార్కులో దించడం మంచిది కాదు. ఎండ అంటే ఇంకో అపోహ కూడా ఉంది, కుక్క చర్మం మనలాగా ఎండ నుంచి సరిపడా విటమిన్ డి తయారు చేసుకోలేదు, అది తిండి నుంచే రావాలి. వెచ్చదనం కోసం ఎండలో కూర్చోబెట్టండి, బాల్కనీలో సరిపోతుంది. బోర్డింగ్‌లో వదిలొచ్చిన కుక్క గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గుతుంటే అది చాలామటుకు కెన్నెల్ కాఫ్, అంటే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే దగ్గు, సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు టీకా గురించి ముందే అడగండి. గోమార్లకి చలికాలం సెలవు లేదు, గోడ పగుళ్ళలో దాక్కుని ఇంట్లో వెచ్చదనానికి మళ్ళీ వస్తాయి, నెల నెలా వేసే మందు ఆపకండి.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంట్లో ఉండే కుక్కకి చలికాలమని అదనంగా పెట్టక్కర్లేదు, బయట రాత్రి గడిపే కుక్కకి మాత్రం కాస్త ఎక్కువ కావాలి. నీళ్ళు తక్కువ తాగుతాయి, గోరువెచ్చగా పెట్టి చూడండి. స్నానం నెలకోసారి చాలు, అదీ మధ్యాహ్నం, కుక్కల షాంపూతోనే, వేళ్ళు దూర్చి చూస్తే అడుగు నూగు కూడా ఆరాలి. పొట్టు రాలుతోందని కొబ్బరినూనె పట్టిస్తే నాకేస్తుంది, సోఫాకి పూస్తుంది, తర్వాత మీ ఇష్టం.

ఇక పండగలు. క్రిస్మస్ కేకులో చాక్లెట్, కిస్మిస్ రెండూ ఉంటాయి, రెండూ కుక్కలకి విషమే. కిస్మిస్ కిడ్నీల్ని పాడు చేస్తుందని ఎప్పటినుంచో తెలుసు, అందులో టార్టారిక్ యాసిడ్ కారణమై ఉండొచ్చని, చింతపండు తిన్న కుక్కల్లోనూ కిడ్నీలు దెబ్బతిన్నాయని అమెరికా నిపుణులు 2022లో ప్రచురించారు. అంటే సంక్రాంతి పులిహోర కుక్క గిన్నెలోకి వెళ్ళకూడదు. భోగిపళ్ళ పేరంటం అయ్యాక నేల మీద చూడండి, రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, శనగలు, వాటి మధ్య చిల్లర నాణేలు. పిల్లలు ఏరుకునేలోపు కుక్క ఏరుకుంటుంది, రేగి గింజలూ నాణేలూ చిన్న కుక్క పేగుల్లో ఇరుక్కుంటాయి. చైనా మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా ఏటా గాల్లో తేలుతూనే ఉంటుంది, పండగయ్యాక వారం దాకా పొదల్లో, డాబాల మీద తెగిపడి ఉంటుంది. వాకింగ్‌లో కుక్క కాలు తెగితే గాజు ముక్క అనుకోకండి, దారం చుట్టుకుందేమో వేళ్ళ సందుల్లో విప్పి చూడండి.

అమెరికాలో, కెనడాలో ఉన్న మనవాళ్ళకి లెక్కే వేరు, అక్కడ చలే అసలు శత్రువు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు అరికాళ్ళని పగలగొడుతుంది, నాకితే వాంతులు, ఇంటికి రాగానే నాలుగు పాదాలూ కడిగి తుడవాలి. ఇంజిన్‌లో నీళ్ళు గడ్డకట్టకుండా పోసే యాంటీఫ్రీజ్ గరాజ్‌లో కారుతుంటుంది, అది తియ్యగా ఉంటుంది, అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కొన్ని చెంచాలు చాలు కిడ్నీలు పోవడానికి, తిన్నదని అనుమానం వచ్చిన నిమిషంలోనే బయల్దేరాలి. పెన్సిల్వేనియాలో 2017 నుంచి 32 ఫారన్‌హీట్ కంటే చలిగా ఉంటే కుక్కని బయట అరగంట మించి కట్టేయడం చట్టవిరుద్ధం.

ఎక్కడున్నా ఇంట్లో ఉండాల్సింది ఒక మామూలు డిజిటల్ థర్మామీటర్, కుక్కకని విడిగా. కొనకి కాస్త వ్యాజిలిన్ రాసి, ఒకరు తల దగ్గర కబుర్లు చెబుతుంటే, తోక ఎత్తి మలద్వారంలో అంగుళం లోపలికి పెడితే అర నిమిషంలో అంకె వస్తుంది. 99 కంటే తక్కువైనా 103 దాటినా డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఒళ్ళు చల్లబడి, నడక తూలుతూ, వణుకు కూడా ఆగిపోయిన కుక్క అయితే ఫోన్‌తో ఆగకండి, పొడి దుప్పట్లలో చుట్టి కారెక్కించండి. వేడినీళ్ళలో ముంచడం, హెయిర్ డ్రయర్ దగ్గరగా పట్టడం వద్దు, చర్మం కాలిపోతుంది. దారిలో సీసాకి గుడ్డ చుట్టి ఛాతీ పక్కన పెట్టండి, కాళ్ళ దగ్గర కాదు.